ఖమర్ టీచర్ అడిగిన పుట్టినరోజులు

నిన్న సాయంత్రం శనక్కాయలు ఉడుకుతున్న గిన్నె మూత తీశాను. తడిమట్టి వాసన, ఉప్పు వాసన కలిసి ఆవిరితో పాటు ముఖానికి తగిలాయి. ముందుగదిలో పిల్లలిద్దరూ ఆడుకుంటున్నారు. మూడో తరగతి చదివే జాహ్నవి నిటారుగా నిలబడి ఉంది. ఆరేళ్ల చిన్నోడు నా పాత కళ్లజోడు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, ఆఫీసరులాగా ప్రశ్నలు వేస్తున్నాడు.

"నీ పేరేంది?"

"జాహ్నవి."

"పుట్టినరోజు ఎప్పుడు?"

"జనవరి ఇరవై."

"కాదు! సెప్టెంబరు గదా. కేకు కోసినాము గదా అక్కా!"

"అది ఇంట్లో చెప్పేదిరా. ఇది బయట చెప్పేది."

ఇంట్లో తొడుక్కునే గౌను వేరు, ఊరికి పోయేటప్పుడు తొడుక్కునే గౌను వేరు అన్నంత తేలికగా చెప్పింది. తడబడలేదు. చిన్నోడు కాసేపు ఆలోచించి, "అయితే నాకు గూడా రెండు ఉండాయా?" అన్నాడు. "నీకింకా లేదు. పెద్దయినాక అమ్మ ఇస్తాదిలే" అంది. ఆ మాట దగ్గరే నాకు మొదటిసారి భయం వేసింది.

నిజానికి నేను ప్రతిదానికీ భయపడే మనిషిని. స్కూలు ఆటో పది నిమిషాలు ఆలస్యమైతే వీధి చివరికి వెళ్లి నిలబడతాను. కానీ జాహ్నవి పేరు మీద దరఖాస్తు నింపేటప్పుడు మాత్రం భయం వేయలేదు. జాహ్నవి బాగా పరుగెత్తుతుంది. నాలుగో తరగతి నుంచి చేర్చుకునే క్రీడా పాఠశాల ఒకటి ఉంది. వచ్చే బుధవారం ఎంపికలు. వాళ్లు పెట్టిన వయసు హద్దు మా అమ్మాయికి నాలుగు నెలలు దాటిపోయింది. ఇక్కడ ఆత్మకూరులో పిల్లలకు పరుగు నేర్పే కోచ్, "నాలుగు నెలల్ని ఎవరు పట్టించుకుంటారు మేడమ్? కాయితాల సంగతి నేను చూసుకుంటా. పాపకు తారీకు నేర్పించండి చాలు. మా పిల్లలందరికీ ఇట్లనే" అన్నాడు. మా ఆయన కూడా అందరూ చేసేదే కదా అన్నాడు. జనవరి ఇరవై అని రాసింది మాత్రం నేనే. తారీకు నేర్పించిందీ నేనే. జడ వేస్తూ వేస్తూ నాలుగు రోజులు వల్లె వేయించాను.

ఉడికిన కాయలు వార్చుతుంటే ఖమర్ టీచర్ గుర్తుకొచ్చారు. నేను పుట్టింది శనక్కాయలు పీకే కాలంలో. ఆ సంగతి కనుక్కోవడానికి బస్సెక్కి మా పల్లెకు వచ్చిన మనిషి ఆవిడ ఒక్కరే.

ఉదయగిరి హైస్కూల్లో ఆవిడ మా పీఈటీ. పూర్తి పేరు ఖమరున్నీసా. ఇంటి నుంచి నల్ల బురఖాలో వచ్చి, స్టాఫ్‌రూములో దాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో ఉంచి, కాన్వాసు బూట్లు వేసుకుని గ్రౌండులోకి దిగేవారు. వాళ్లది చెక్క చెంచాలు చేసే కుటుంబం. సెలవుల్లో ఆవిడ కూడా ఆ పనికి కూర్చునేవారు కాబట్టి వేళ్ల మీద ఎప్పుడూ సన్నటి గాట్లు కనిపించేవి. మా ఖోఖో గ్రౌండులో రెండు చివర్లా పాతిన స్తంభాలను ఆవిడ తమ్ముడే చెక్కి నునుపు చేసి ఇచ్చాడు. చెంచా నోట్లో పెట్టుకునేది కదా, స్తంభం కూడా అంత నునుపు ఉంటే తప్ప పిల్లల చేతికి ఇవ్వనని పట్టుబట్టి చేయించారట. వేరే ఊళ్లలో ఆడినప్పుడు అరచేతుల్లో పేళ్లు దిగితేనే మాకు ఆ సంగతి తెలిసివచ్చేది.

నేను సీతారామపురం వైపు ఒక పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకున్నాను. నాయన గొర్రెలు మేపేవాడు. ఆరో తరగతిలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం, కొండ నీడ గ్రౌండు మీదికి వచ్చే వేళ, హాస్టలు పిల్లలం పట్టుకునే ఆట ఆడుతున్నాం. ఆవిడ చూస్తూ నిలబడి, "ఏయ్ సీతారామపురం! ఏంది, అట్ల నేలకు వంగి పరిగెత్తతా ఉండావు?" అని అడిగారు. "గొర్రెపిల్లల్ని అట్లనే పట్టుకుంటాం టీచర్" అన్నాను. చుట్టూ అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "రేపట్నుంచి నాలుగున్నరకి రా. ఇక్కడ గూడా ఉండాయి పట్టుకోవాల్సిన గొర్రెపిల్లలు" అన్నారు. అలా నేను ఖోఖోలోకి వచ్చాను.

మా బళ్లో ఆఫీసు పక్క వసారాలో పెద్ద నల్లబోర్డు ఒకటి ఉండేది. పదో తరగతిలో ఫస్టు వచ్చినవాళ్లు, సైన్సు ప్రదర్శనకు జిల్లాదాకా వెళ్లినవాళ్లు, వ్యాసరచన, క్విజ్, లెక్కల ప్రతిభా పరీక్ష, ఆటలు, అన్నీ దాని మీద ఏడాదివారీగా తెల్ల పెయింటుతో రాయించేవారు. హెడ్మాస్టరు గారికి ఆ బోర్డు ప్రాణం. బడికి ఎవరొచ్చినా కుర్చీ చూపించే ముందు బోర్డు చూపించేవారు. చదువుల వరసలు నిండి ఉండేవి. అమ్మాయిల ఖోఖో వరస ఒక్కటే ఖాళీ. జోను పోటీలు ఆత్మకూరులో జరిగేవి. అక్కడ గెలిస్తే నెల్లూరులో జిల్లా పోటీలు. మా బడి అమ్మాయిలు ఏనాడూ జోను దాటలేదు. నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు, పద్నాలుగేళ్ల లోపు జట్టు దాటి తీరుతుందని అందరికీ నమ్మకం కుదిరింది. స్తంభం దగ్గర మనిషిని అందుకోవడంలో నాకు పేరొచ్చింది. నాకు ఆ బోర్డు కన్నా నెల్లూరు మీద ఆశ. అప్పటికి నేను నెల్లూరు చూడలేదు.

ఖమర్ టీచర్‌కు ఒక పద్ధతి ఉండేది. వేరే బళ్ల పీఈటీలు దాన్ని చెప్పుకుని నవ్వేవారు. జట్టు పేర్లు రాసే ముందు ప్రతి పిల్ల ఇంటికీ వెళ్లి, ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిషిని అడిగి, ఆ పిల్ల పుట్టిన కాలం కనుక్కునేవారు. బడి రికార్డులో తారీకులు ఉండేవి. కానీ మా పల్లెల్లో పిల్లను బడిలో వేసేటప్పుడు తారీకు చెప్పగలిగిన వాళ్లు తక్కువ. అయ్యవారే లెక్క కుదిరే తారీకు ఒకటి వేసుకునేవాడు. అందుకే మా తరగతిలో సగం మందిమి జూన్‌లో పుట్టాం. "బడి తెరిచే నెల చూసుకుని కన్నారంట మీ అమ్మలంతా" అని ఆవిడ ఎగతాళి చేసేవారు.

మా ఇంటికి వచ్చిన రోజు మా అవ్వ, అంటే నాయన వాళ్ల అమ్మ, వాకిట్లో చీపుళ్లు కడుతూ కూర్చుని ఉంది. టీచర్ ఎదురుగా మంచం పట్టె మీద కూర్చున్నారు.

"అవ్వా, నీ మనవరాలు ఎప్పుడు పుట్టింది?"

"ఎందుకమ్మా, సంబంధం ఏమన్నా తెచ్చినావా?"

"సంబంధం గాదు, ఆటకు. దీని పెళ్లి మాట ఇంకో పదేళ్ల దాకా ఎత్తబాక."

అవ్వకు ఆ జవాబు నచ్చింది. చీపురు పక్కన పెట్టింది. "శనక్కాయలు పీకతా ఉంటే దీనెమ్మకు నొప్పులొచ్చినాయి. చెరువు అలుగు పారినేడు. గొర్రెలు వంక అవతల నిలబడిపోయినాయి. బిడ్డను చూసేదానికి వీళ్ల నాయన రెండ్రోజులు ఇల్లు చేరలేదు."

చెరువు నిండి పొర్లడం మా మెట్ట ఊళ్లలో అరుదు. అది జరిగిన ఏడాదిని బట్టి పెళ్లిళ్లు, చావులు, పుట్టుకలు గుర్తుపెట్టుకుంటారు. టీచర్ వెంటనే తల ఊపారు. "ఆ యేడు నాకు తెలుసులే అవ్వా. రోడ్డు తెగి ఇటుపక్క బస్సులు గూడా నిలిచిపోయినాయి" అని నోటుపుస్తకంలో రాసుకుని, వేళ్ల మీద లెక్క వేశారు. నేను ఆవిడ వేళ్లనే చూస్తున్నాను. రెండోసారి లెక్క వేశారు. తరువాత అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి లేచారు.

బస్సు దాకా ఆవిడతో నడిచాను. రోడ్డు మీదికి వచ్చాక, "పెంచలమ్మా, ఈ యాడాది నువ్వు జట్టులో లేవు. పోటీల యాడాది దాటకముందే నీకు పద్నాలుగు నిండతాయి" అన్నారు.

"రికార్డులో పదమూడే ఉండాది గదా టీచర్!"

"ఉండాది."

"ఎవరికి తెలస్తాది?"

"నాకూ నీకూ తెలుసు. మీ అవ్వతో కలిపి ముగ్గురం."

బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కి వెళ్లిపోయారు.

మరుసటి రోజు ప్రార్థనలో జట్టు పేర్లు చదివి, "పెంచలమ్మకు వయసు దాటింది, అందుకని లేదు" అని మైకులోనే చెప్పారు. ఆ రోజు నుంచి మగపిల్లలు నన్ను "ఏం అవ్వా, చేతికర్ర తెచ్చుకోలేదా?" అని పలకరించడం మొదలుపెట్టారు. హెడ్మాస్టరు గారు రికార్డు ఉండగా మనకెందుకు టీచర్ అని రెండుసార్లు అన్నారు. ఆవిడ వినలేదు. నా స్థానంలో హాస్టల్లో నా పక్కన పడుకునే సుశీలను తీసుకున్నారు.

ఆత్మకూరు పోటీలకు ఆవిడ నన్ను కూడా తీసుకెళ్లారు. పాయింట్లు రాసే కాగితం నా చేతికి ఇచ్చారు. ఫైనల్ దాకా వచ్చాం. చివరి నిమిషంలో స్తంభం దగ్గర సుశీల ఒకమ్మాయిని దాదాపు అందుకుంది. వేలు తగిలిందని ఏడ్చింది. అంపైరు ఇవ్వలేదు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఆ ఓటమి నా చేత్తోనే కాగితం మీద రాశాను. తిరిగి వచ్చే బస్సులో సుశీల నా వైపు తిరిగి, "నువ్వుంటే గెలిచేవాళ్లం గదే" అంది. "అవును" అన్నాను. కాదు అనగలిగి ఉండీ అనలేదు. మళ్లీ ఆ పిల్ల ఖోఖో ఆడలేదు.

దసరా సెలవుల్లో ఇంటికి వెళ్లి అవ్వ మీద విరుచుకుపడ్డాను. "నువ్వు నోరు మూసుకోనుంటే నెల్లూరికి పోయేదాన్ని!" అవ్వకు మొదట ఏమీ అర్థం కాలేదు. ఏ ఏడు, ఎంత వయసు అని నేను విడమరిచి చెప్పాక నవ్వడం మొదలుపెట్టింది.

"ఓసి నీ యబ్బ! అలుగు పారింది రెండు తూర్లు గదే! మొదటి తూరి పారినప్పుడు పుట్టింది మీ పెదనాయన కొడుకు శీనడు. నువ్వు మరుసటేడు. అప్పుడే గదా గొర్రెలు ఇరుక్కున్నది."

మా చెరువు వరసగా రెండేళ్లు అలుగు పారిందట. మొదటి ఏడు రోడ్డు తెగింది కాబట్టి లోకానికి అదే గుర్తు. రెండో ఏడు పారింది రెండు రోజులే. అవ్వకు అదే గుర్తు, గొర్రెలు చిక్కుకున్నది అప్పుడు. టీచర్ అనుకున్న ఏడు ఒకటి, అవ్వ చెప్పిన ఏడు ఇంకొకటి. నాకు పదమూడే. నేను ఆడి ఉండవచ్చు.

సెలవులు అయిపోగానే అవ్వ నాతో పాటు బస్సెక్కింది. వద్దన్నా వినలేదు. గ్రౌండులో టీచర్ ఎదురుగా నిలబడి మొత్తం చెప్పింది. టీచర్ అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, మా బళ్లోనే తొమ్మిదో తరగతిలో ఉన్న శీనడిని పిలిపించారు. వాడు తన మీద ఏదో ఫిర్యాదు వచ్చిందనుకుని బిక్కమొహంతో వచ్చాడు.

"పెంచలమ్మ నీకన్నా పెద్దదా, చిన్నదా?"

"చిన్నదే టీచర్, ఒక యాడాది. నన్ను అన్నా అని పిలవదు గానీ చిన్నదే."

టీచర్ వాడిని తరగతికి పంపేశారు. అవ్వే, "ముసిల్దాన్ని, సరిగ్గా చెప్పలేకపోతిని తల్లీ" అంది. "నువ్వు సరిగ్గానే చెప్పినావు అవ్వా. నేను సగం విని, మిగతా సగం నాకే తెలుసనుకున్నా" అన్నారు ఆవిడ.

మరుసటి రోజు ప్రార్థనకు ముందు వసారాలో హెడ్మాస్టరు గారు ఆవిడను ఆపడం నేను వరసలో నిలబడి విన్నాను. "పిల్లల ముందర ఎందుకు టీచర్? లోకువైపోతాం. ఆ పిల్లను పిలిచి చెప్పండి, చాలు." ఆవిడ, "పిల్లల ముందర తీసేసినాను సార్. పిల్లల ముందరే చెప్పాల" అని మైకు దగ్గరికి నడిచారు. వార్తలు చదవడం అయ్యాక చెప్పింది నాలుగు వాక్యాలే. "పెంచలమ్మకు వయసు దాటలేదు. నేను తప్పుగా లెక్కేసినాను. ఆ పిల్ల ఆడాల్సింది. ఆడకపోవడానికి కారణం నేను." చప్పట్లు కొట్టాలా వద్దా ఎవరికీ తెలియలేదు. వెనకెక్కడో ఒకరు మొదలుపెట్టి ఆపేశారు. ఆవిడ దిగి వచ్చి ఎప్పుడూ నిలబడే చోట నిలబడ్డారు. నన్ను దగ్గరికి తీసుకోలేదు, క్షమించమని అడగలేదు. గంట కొట్టారు.

నా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. తప్పు ఒప్పుకుంటే నెల్లూరు తిరిగి రాదు కదా. వారం రోజులు గ్రౌండుకు వెళ్లలేదు. ఆవిడ పిలవలేదు. ఎనిమిదో రోజు నేనే వెళ్లాను. "లేటు. రెండు రౌండ్లు ఎక్కువ" అన్నారు.

ఆ మరుసటి ఏడు నుంచి ఆవిడ ప్రతి పిల్ల గురించి ఇద్దరిని అడిగేవారు, ఒకరు ఇంట్లోవాళ్లు, ఒకరు వీధిలోవాళ్లు, విడివిడిగా. వేరే బళ్ల వాళ్లు ఇంకొంచెం ఎక్కువ నవ్వారు. ఆ ఏడు పద్నాలుగేళ్ల లోపు జట్టు జోను గెలిచి నెల్లూరు వెళ్లింది. ఖాళీ వరసలో మొదటి పేర్లు పడ్డాయి. అప్పటికి నాకు నిజంగానే వయసు దాటింది కాబట్టి వాటిలో నా పేరు లేదు, సుశీల పేరూ లేదు. పదో తరగతిలో లెక్కల ప్రతిభా పరీక్ష కింద నా పేరు రాయించారు. ఇప్పటికీ ఉందో లేదో తెలియదు.

ఆత్మకూరులో డిగ్రీ చదివేటప్పుడు ఈ కథను స్నేహితురాళ్లకు నవ్విస్తూ చెప్పేదాన్ని. రికార్డును నమ్మకుండా ముసలమ్మను నమ్మి ఓడిపోయిన టీచర్ కథగా చెప్పేదాన్ని. ఆ నిజాయితీకి నష్టపోయింది ఆవిడ కాదు, నేనూ సుశీలా. అది సరైన మాటే. ఆవిడకూ ఆ సంగతి తెలుసని, తెలిసి మైకు ముందు నిలబడటం ఎలా ఉంటుందో అని మాత్రం నేను అప్పట్లో ఆలోచించలేదు.

ఆవిడను చివరిసారి చూసింది మూడేళ్ల కిందట, ఆత్మకూరు బస్టాండులో. రిటైరయ్యారు. కలిగిరి బస్సు కోసం కూర్చుని ఉన్నారు. జాహ్నవి నా చేయి పట్టుకుని ఉంది. "ఎన్నేళ్లు?" అని నన్ను అడిగారు. చెప్పాను. వెంటనే వంగి, "మీ అమ్మ చెప్పింది నిజమేనా?" అని దాన్ని అడిగారు. "నిజమే. సెప్టెంబరు పదకొండు" అంది అది గట్టిగా. "అయితే సరే. ఇద్దరు చెప్పినారు" అని నవ్వారు. బస్సెక్కేముందు నా నంబరు అడిగి తీసుకున్నారు. ఆవిడ నంబరు నా దగ్గరా ఉంది. నిన్న ఫోను చేద్దామని బయటికి తీశాను. చేయలేదు. చేసి ఏం అడగాలో తెలియలేదు. నేనేం చేయాలో నాకు ముందే తెలుసు కాబట్టి.

మా ఆయనతో చెబితే, "ఇచ్చేసిన కాయితం. ఇప్పుడెందుకు పాప మనసు విరగ్గొడతావు?" అన్నాడు. అందులోనూ న్యాయం ఉంది. తప్పు నాది, పోయేది దాని పరుగు.

ఈ ఉదయం బడికి వెళ్లేముందు ఇద్దరినీ చాప మీద కూర్చోబెట్టాను.

"జానూ, జనవరి ఇరవై అనేది లేదు. నేను తప్పు రాసినాను."

"కోచ్ సార్ చెప్పినాడు గదమ్మా."

"చెప్పినాడు. రాసింది నేను. నీకు నేర్పించింది నేను. నువ్వేం తప్పు చేయలేదు."

"మరి బుధవారం సెలక్షన్స్?"

"పోవడంలేదు."

అది చాలాసేపు చాప అంచు పీకుతూ కూర్చుంది. "నేను ఫస్ట్ వచ్చేదాన్ని" అంది చివరికి.

"వచ్చేదానివే" అన్నాను. అది కూడా నిజమే కాబట్టి.

ఏడ్చింది. చిన్నోడు దాని ముఖం, నా ముఖం మార్చి మార్చి చూశాడు. ఏడుపు తగ్గాక, "సార్‌కి ఎవరు చెప్తారు? నేను చెప్పను" అంది.

"నువ్వు చెప్పబాక. ఆదివారం గ్రౌండుకు నేను వస్తా. సార్‌కి, అక్కడుండే పిల్లలందరికీ నేనే చెప్తా."

"అందరి ముందర వద్దమ్మా! నవ్వుతారు."

"నవ్వనీ. తారీకు వాళ్లందరికీ నేర్పించినారు గదా, వాళ్లు గూడా వినాల. నువ్వూ తమ్ముడూ నా పక్కన నిలబడండి, చాలు. భయమేస్తే నా చెయ్యి పట్టుకోండి. నాకు గూడా భయంగానే ఉండాది."